తల్లి చేప తిన్న కొవ్వుకూ లెక్క ఉండాలి

చేప పిల్లలు చెరువులో వేసిన వారానికే చనిపోతున్నాయని రైతు ఫిర్యాదు చేస్తే హేచరీల నుంచి వచ్చే జవాబులు దాదాపు ఒకేలా ఉంటాయి. నీళ్లు బాగాలేవు, ఎండలు ముదిరాయి, దగ్గరి సంబంధం ఉన్న చేపలనే పదే పదే జతకట్టించడంతో జాతి బలహీనపడింది. ఇవన్నీ నిజమే కావచ్చు. కానీ ఆ పిల్లల తల్లి అంతకుముందు కొన్ని నెలలు ఏం తిన్నదని అడిగేవారు తక్కువ. గుడ్డు తయారయ్యేది ఆ నెలల్లోనే.

మన దృష్టి ఇంజెక్షన్ మీద నిలిచిపోవడానికి చారిత్రక కారణం ఉంది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి కలిసి పిట్యూటరీ గ్రంథి సారం ఎక్కించి కార్ప్ చేపల చేత గుడ్లు పెట్టించారు. అప్పటిదాకా ఈ చేపల పిల్లల కోసం నదుల మీదే ఆధారపడేవారు. ఏటా ఆ తేదీన జాతీయ మత్స్య రైతుల దినోత్సవం జరుపుకునేది అందుకే. ఇప్పుడు గ్రంథి సారం స్థానంలో ఓవాప్రిమ్ వంటి మందులు వచ్చాయి. అయితే పాత మందైనా కొత్త మందైనా చేసే పని ఒక్కటే. దాదాపు సిద్ధమైన గుడ్డు చివరి దశ దాటి బయటికి రావడానికి సంకేతం ఇవ్వడం. గుడ్డులో లేని పోషకాన్ని ఏ మందూ చేర్చలేదు.

బొచ్చె, శీలావతి గుడ్లు ఒక రోజు లోపే పొదుగుతాయి. బయటికొచ్చిన పిల్లకు దాదాపు మూడు రోజులు పొట్టకింద ఉన్న పచ్చసొన సంచే ఆహారం. ఆ సొనకు ముడిసరుకు తల్లి కాలేయంలో తయారవుతుంది. విటెలోజెనిన్ అనే ప్రోటీన్ కొవ్వులను కలుపుకుని రక్తం ద్వారా అండాశయానికి చేరుస్తుంది. ఆ కొవ్వు పిల్లకు ఇంధనం మాత్రమే కాదు, ఇటుక కూడా. డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లంతో కంటి రెటీనా, మెదడు కణాల పొరలు ఏర్పడతాయి. అది చాలకపోతే చూపు మందగిస్తుంది, చూపు మందగించిన పిల్ల ఎదురుగా ఉన్న ఆహారాన్నీ పట్టుకోలేదు. ఒమేగా-6 వర్గంలోని అరకిడోనిక్ ఆమ్లం నుంచి తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు గుడ్ల విడుదలలో పాల్గొంటాయి. అంటే రెండూ కావాలి.

ఎంత కావాలన్నది చేపను బట్టి మారుతుంది. 1980లలో జపాన్‌లో వతనబె బృందం ఎర్ర సీబ్రీమ్ తల్లి చేపలకు అవసరమైన కొవ్వు ఆమ్లాలు లేని మేత పెడితే గుడ్ల నాణ్యత పడిపోయింది. మరో సీబ్రీమ్ జాతిలో ఒమేగా-3 మితిమీరినప్పుడు గుడ్ల సంఖ్య తగ్గింది, పిల్లల సొన సంచి అసహజంగా ఉబ్బింది. ఫిలిప్పీన్స్‌లో సాంటియాగో, రేయెస్ 1993లో ప్రచురించిన ఫలితం ఇంకా ఆసక్తికరం. కాడ్ చేప కాలేయ నూనె తిన్న తిలాపియాలు అందరికంటే ఎక్కువ బరువు పెరిగినా సంతానోత్పత్తిలో వెనకబడ్డాయి. సోయా నూనె తిన్నవి ముందు నిలిచాయి. బాగా పెరిగిన చేపే బాగా గుడ్లు పెడుతుందన్న నమ్మకం మన చెరువు గట్ల మీద ఇప్పటికీ బలంగానే ఉంది!

ఆంధ్రప్రదేశ్ చెరువుల్లో కార్ప్ చేపలకు ఎక్కువగా పడేది నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క, పత్తి గింజల చెక్క. రంధ్రాలు చేసిన సంచుల్లో నింపి నీళ్లలో కర్రలకు కడతారు. అమ్మకానికి పెంచే చేపకు అది సరిపోతుంది. తల్లి చేపకూ అదే సంచి దింపడంలోనే చిక్కు ఉంది. తవుడులోని నూనె ముందే మిల్లుకు వెళ్లిపోయింది. వేరుశనగలో ఒమేగా-3 లేదనే చెప్పాలి. చెరువులోని సహజ ప్లవకాలు కొంత లోటు తీరుస్తాయి కాబట్టి పని గడుస్తోంది. కార్ప్ చేపలకు మొక్కల్లో దొరికే ఒమేగా-3ను కొంతమేర డీహెచ్‌ఏగా మార్చుకునే శక్తి ఉంది. అందుకే అవిసె, ఆవ నూనెలు వాటికి ఉపయోగపడతాయి. పండుగప్ప వంటి చేపలకు ఆ శక్తి చాలా తక్కువ, సముద్రపు చేప నూనె తప్పదు. ఏ నూనె అయినా తాజాగా ఉండాలి. ఒమేగా-3 నూనెలు గాలి తగిలితే త్వరగా పాడవుతాయి, వాటిని కాపాడే విటమిన్-ఇ కూడా మేతలో కలవాలి.

ఈ జ్ఞానం మనకు కొత్త కాదు. భువనేశ్వర్ దగ్గర కౌసల్యగంగలోని కేంద్ర మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థ తల్లి కార్ప్‌ల కోసమే ‘సిఫాబ్రూడ్’ అనే మేతను రూపొందించింది. అది అన్ని హేచరీలకూ చేరకపోవడానికి ఖర్చు ఒక్కటే కారణం కాదు, తల్లి చేపలు తినేది మొత్తం మేతలో చిన్న భాగమే. అసలు కారణం బేరంలో ఉంది. పిల్లలను లక్షల లెక్కన అమ్ముతారు. ఎన్ని బతికాయన్నది కొన్నవాడి చెరువులో తేలుతుంది, అమ్మినవాడి లెక్కలో కాదు.

మార్పు రెండు చిన్న చోట్ల మొదలుపెట్టవచ్చు. తల్లి చేపల మేత సంచి మీద కొవ్వు శాతంతో పాటు ఒమేగా-3, ఒమేగా-6 ఎంతెంతో విడిగా ముద్రించాలి. ఎందుకంటే 8 శాతం కొవ్వు అని రాస్తే అది ఏ కొవ్వో తెలియదు. ఇక హేచరీలు ప్రతి విడతకూ ఎన్ని గుడ్లు ఫలదీకరణ చెందాయి, ఎన్ని పొదిగాయి, మూడో రోజుకు ఎన్ని పిల్లలు మిగిలాయి, తల్లికి ఏ మేత పెట్టారు అన్నవి ఒకే పేజీలో రాసి కొనుగోలుదారుకు చూపాలి. గుర్తింపు ఇచ్చే అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు ట్యాంకుల సంఖ్యకు ముందు ఆ పేజీ అడగాలి.