సంతకం పెట్టనివాడు

ఈ వారం ఫుట్‌బాలు కబుర్లు అనగానే, ఇంట్లో ఆడవాళ్ళు పేజీ తిప్పేసి సీరియల్ దగ్గరికి వెళ్ళిపోతారేమో! కాస్త ఆగండి. ఇది బంతి గొడవ కాదు. ఉప్పు తిన్న ఇంటి గొడవ. ఉద్యోగం చేసే ప్రతివారికీ, ఉద్యోగాల్లో పిల్లలున్న తల్లిదండ్రులకీ తగిలే గొడవ.

శంషాబాదు ఒకప్పుడు బెంగుళూరు రోడ్డు మీద ఒక ఊరు. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు అక్కడికి తరలివెళ్ళాక వీడ్కోళ్ళ ఊరైపోయింది. అర్ధరాత్రి ఆ విమానాశ్రయం గుమ్మం ముందు నిలబడి చూడండి. తూకం మించిన పెట్టెలు, అందులోంచి తీసి మళ్ళీ సర్దే ఆవకాయ సీసాలు, కళ్ళు తుడుచుకునే తల్లులు, కళ్ళజోడు తుడుచుకునే తండ్రులు! వెళ్ళేవాణ్ణి ఆపాలని ఎవరికీ ఉండదు. వెళ్తున్నాడని బాధ, వెళ్ళగలిగాడని గర్వం.

ఆమధ్య మా ఎదురింటి పెద్దాయన కొడుకును డల్లాసుకు సాగనంపుతూంటే నేనూ తోడు వెళ్ళాను. ఆయన మేనల్లుడు ఆ విమానాశ్రయంలోనే సరుకుల విభాగంలో పని చేస్తాడు. డ్యూటీ దిగి మాతో కలిశాడు. తిరుగుదారిలో శంషాబాదు ఊళ్ళో టీ కోసం ఆగాం. పెద్దాయన మొహంలో దిగులు తీరి వెలుగు వచ్చింది.

"మావాడికి ఐదేళ్ళలో ఇది నాలుగో కంపెనీ! మారినప్పుడల్లా జీతం పెరిగిందే గాని తగ్గలేదు" అన్నాడు.

అని ఊరుకోక, మేనల్లుడి ఒంటిమీద ఉన్న పసుపుపచ్చ చొక్కా వైపు చూశాడు. అది హైదరాబాద్ ఎఫ్.సి. చొక్కా. "ఇంకా అదెందుకురా నీకు? గోల్సు కొట్టే ఆ నైజీరియా ఆయన ఎప్పుడో పోయిండు గదా! ఎక్కడ డబ్బుంటే అక్కడ వాలేటోళ్ళు. విశ్వాసం లేని మనుషులు."

కుర్రాడు గ్లాసు కింద పెట్టాడు. "మామా, ఒగ్బెచే మన దేశంలో ఐదు సీజన్లు ఆడిండు. నాలుగు క్లబ్బులు మారిండు. బావ కూడా ఐదేళ్ళల్ల నాలుగు కంపెనీలే మారిండు. బావది ప్రమోషన్ అయితే ఆయనది ద్రోహం ఎట్లయితది?"

నేను మెల్లగా టీ తాగుతూ ఊరుకున్నాను. పెద్దాయన తక్కువవాడా? "ఉద్యోగం వేరు, ఆట వేరురా! మావాడు ఆఫీసులో పని చేస్తుంటే బయట నిలబడి వాడి పేరు పెట్టి ఎవడన్నా అరుస్తడా? ఆయన పేరు పెట్టి అరిచింది మనం. ఆ అరుపుకు విలువ లేదా?" అన్నాడు.

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. అందుకే ఆ తగవును ఇక్కడికి మోసుకొచ్చాను.

ముందు ఆ ఆటగాడి విలువ సంగతి చూద్దాం. బార్తొలొమ్యూ ఒగ్బెచే 2018లో గౌహతి జట్టు నార్త్ఈస్ట్ యునైటెడ్‌కు వచ్చాడు. ఆ సీజనులో 12 గోల్సు కొట్టాడు. తరువాత కేరళ బ్లాస్టర్స్‌కు 15, ముంబయి సిటీకి 8. 2021లో హైదరాబాదు అతన్ని తీసుకునేనాటికి ముప్ఫయ్యారు నిండి ముప్ఫయ్యేడు వస్తున్నాయి. పరుగెత్తి బతికేవాడికి అది పింఛను వయస్సు. "ముసలి గుర్రాన్ని కొన్నారు" అన్నవాళ్ళున్నారు. ఆ గుర్రమే ఆ సీజనులో 18 గోల్సు కొట్టి, ఐ.ఎస్.ఎల్. మొత్తానికి ఎక్కువ గోల్సు కొట్టినవాడికిచ్చే బంగారు బూటు పుచ్చుకుంది. మరుసటి సీజనులో ఇంకో 10. ఐదు సీజన్లకు కలిపి 63.

అయితే ఒక్క మనిషితోనే పందిరి నిలబడుతుందా? 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్దా మైదానంలో ఫైనలు జరిగింది. ఎదుటి పక్షం కేరళ, అంటే ఒగ్బెచే పాత ఇల్లే. హైదరాబాదు ఒక గోలు వెనకబడి ఉండగా, ఆట ముగియబోయే వేళ, 88వ నిమిషంలో సమం చేసినవాడు సాహిల్ తవోరా. పెనాల్టీల్లో మూడు బంతులు ఆపి కప్పు చేతికందించినవాడు గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి. కాబట్టి "అతనొక్కడే గెలిపించాడు" అన్నా తప్పే. "అతనికెందుకంత జీతం" అన్నా తప్పే.

ఇంకో విచిత్రం చూశారా? కోవిడ్ కారణంగా ఆ ఏడు పోటీలన్నీ గోవాలోనే పెట్టారు. హైదరాబాదు జట్టు దేశానికి విజేత అయిన ఏడాదిలో మన గచ్చిబౌలి మైదానంలో ఒక్క ఆటా జరగలేదు. మనవాళ్ళు అరిచిందంతా టీవీల ముందే. అయినా అరిచారు. 2019లో పుట్టి, మొదటి సీజనులో అట్టడుగున పడిన జట్టు మూడో సీజనుకే కప్పు కొడితే అరవరా మరి!

ఇప్పుడు విశ్వాసం సంగతి. 2023లో ఒగ్బెచే వెళ్ళిపోయాడు. ఆ తరువాతి సీజనులో జరిగింది గుర్తు చేసుకోండి. జీతాలు అందలేదని ఆటగాళ్ళు ఒక్కొక్కరే తప్పుకున్నారు. విదేశీయులు వెళ్ళారు, మనవాళ్ళూ వెళ్ళారు. బాకీల తగవు ఫిఫా దాకా పోయింది. కొత్తవాళ్ళ పేర్లు నమోదు చేసుకోవటానికే వీలు లేకుండా ఆంక్షలు పడ్డాయి. చివరికి కుర్రవాళ్ళను పోగుచేసి దింపితే, ఆ ఏడాది లీగులో గెలిచింది ఒకే ఒక్క ఆట. యాజమాన్యం మారింది. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. హైదరాబాద్ ఎఫ్.సి. కాస్తా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

ఆటగాడు ఊరు విడిచిపెడితే ద్రోహి అన్నాం. జట్టుకు జట్టే ఊరు విడిచిపెడితే ఏమనాలి? దానికి మనవాళ్ళు పెట్టిన పేరు "వ్యాపార నిర్ణయం". అంటే, జీతం పుచ్చుకునేవాడు కదిలితే కృతఘ్నత, జీతం ఇవ్వవలసినవాడు కదిలితే వ్యవహారం! ఈ తూకం రాళ్ళు ఎవరు చేశారోగాని, మన ఇళ్ళలో కూడా ఇవే వాడుతున్నాం. కంపెనీ నూరుమందిని తీసేస్తే "పాపం, మార్కెట్ బాగాలేదు" అంటాం. ఒక్కడు మానేసి వెళితే "ఇన్నాళ్ళు అన్నం పెట్టిన చోటు" అంటాం.

ఒప్పందం అనేది పెళ్ళిలో తాళి లాంటిది కాదు. అద్దె ఇంటి కాగితం లాంటిది. గడువు ఉంటుంది. ఇద్దరికీ బాధ్యత ఉంటుంది. ఫిఫా నిబంధనల ప్రకారం ఒప్పందం ఐదేళ్ళకు మించకూడదు; పద్ధెనిమిదేళ్ళు నిండనివాళ్ళకు మూడేళ్ళకు మించకూడదు. గడువు ఆరు నెలల్లో ముగుస్తుందనగా ఆటగాడు వేరే క్లబ్బుతో మాట్లాడుకోవచ్చు. రెండు నెలల జీతం ఎగవేస్తే, పదిహేను రోజుల గడువిచ్చి కాగితం పంపి, అప్పటికీ అందకపోతే ఒప్పందం రద్దు చేసుకుని వెళ్ళవచ్చు. ఇది 2018లో స్పష్టంగా రాసిపెట్టిన సూత్రం.

ఇవేమీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఐరోపాలో ఒకప్పుడు గడువు ముగిసిన ఆటగాణ్ణి కూడా పాత క్లబ్బు డబ్బు పుచ్చుకోకుండా వదిలేది కాదు. బెల్జియంవాడు, జాన్ మార్క్ బోస్మన్ అనే మామూలు ఆటగాడు, కోర్టుకెక్కాడు. గడువు తీరాక మనిషి స్వేచ్ఛాజీవేనని 1995 డిసెంబరులో ఐరోపా న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ తీర్పు పుణ్యమా అని తరువాతివాళ్ళు కోటీశ్వరులయ్యారు. బోస్మన్ మాత్రం కాలేదు. దారి వేసినవాడికి బండి దొరక్కపోవటం లోకంలో కొత్త కాదుగా!

మరి మన పాతవాళ్ళు ఏం చేశారు? హైదరాబాదు అప్పట్లో ఫుట్‌బాలుకు పెట్టింది పేరు. రహీమ్ సాహెబు, అంటే సయ్యద్ అబ్దుల్ రహీమ్, తీర్చిదిద్దిన సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. అయినా పేరూ, నాలుగు రాళ్ళూ కావాలంటే కలకత్తా రైలెక్కవలసిందే. సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ చాలా పేదవాడు. ఆడటానికి రమ్మంటే, అద్దె సైకిలుకు డబ్బు లేదన్నాడట. రహీమ్ సాహెబు తన జేబులోంచి రోజూ ఆ అద్దె ఇచ్చేవాడని చెప్పుకుంటారు. అలా తయారైన బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. 1960 రోము ఒలింపిక్సులో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్సు కొట్టాడు. 1962లో జకార్తాలో మన దేశానికి స్వర్ణం తెచ్చిన జట్టులో ఉన్నాడు. ఆ జట్టుకు గురువు మళ్ళీ రహీమ్ సాహెబే. శిష్యుడు ఊరు విడిచి వెళ్ళాడని గురువు దూరం పెట్టలేదు.

ఆ మరుసటేడే, 1963లో, ఊపిరితిత్తుల జబ్బుతో బలరామ్ ఆట మానుకోవలసి వచ్చింది. మన గుమాస్తాలకు ఉద్యోగం ఖాయమయ్యే వయస్సులో అతని ఉద్యోగం ముగిసింది! దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్న సామెత ఆటగాళ్ళ కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది.

ఇక మహమ్మద్ హబీబ్. 1966లో కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు. ఒకచోటి నుంచి ఇంకోచోటికి, మళ్ళీ వెనక్కి! అక్కడ ఆ క్లబ్బుల అభిమానులంటే దాయాదుల కింద లెక్క. సంతకాల రోజుల్లో, ఎదుటివాళ్ళు ఎత్తుకుపోతారని ఆటగాళ్ళను దాచిపెట్టిన ముచ్చట్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అటువంటి చోట ఇన్నిసార్లు గుమ్మం మారినవాణ్ణి ఏమనాలి? ఆ మూడు గుమ్మాలవాళ్ళూ అతన్ని "బడే మియా" అనే పిలిచారు. తోటివాళ్ళు బ్యాంకుల్లో, రైల్వేల్లో ఉద్యోగాలు చూసుకుంటే, అతను ఆటనే నమ్ముకున్నాడు. 1977 సెప్టెంబరు 24న పెలే ఆడుతున్న న్యూయార్క్ కాస్మోస్ జట్టు ఈడెన్ గార్డెన్సుకు వస్తే మోహన్ బగాన్ 2-2తో నిలబడింది. ఆ రెంటిలో ఒక గోలు హబీబ్‌ది. ఏ చొక్కా తొడుక్కుంటే ఆ చొక్కా తడిసేదాకా ఆడాడు. అందుకే చొక్కా మార్చినా మర్యాద మారలేదు.

ఇద్దరూ 2023లోనే పోయారు. ఫిబ్రవరిలో బలరామ్ కలకత్తాలో. ఆగస్టు 15న హబీబ్ హైదరాబాదులో. ఒకరు వెళ్ళినచోటే ఉండిపోయారు, ఒకరు తిరిగి వచ్చారు. రెండు ఊళ్ళూ ఇద్దర్నీ మావాళ్ళే అంటున్నాయి.

కాబట్టి ఆటగాణ్ణి మనం అడగదగిన విశ్వాసం ఒక్కటే: గడువున్నన్నాళ్ళు మనసు పెట్టి ఆడమని. ఆ లెక్కన 28 గోల్సు కొట్టి వెళ్ళిన ఒగ్బెచే మనకు బాకీ లేడు. మరి ఎదురింటి పెద్దాయన అడిగిన మాటకు జవాబేమిటి? ఆ అరుపుకు విలువ లేదా? ఉంది. కానీ ఆటగాడు సంతకం పెట్టాడు, క్లబ్బు సంతకం పెట్టింది, ప్రకటనలవాళ్ళు సంతకం పెట్టారు. సంతకం పెట్టకుండా కట్టుబడినవాడు అభిమాని ఒక్కడే. ఎవరు వెళ్ళినా నష్టపరిహారం అందనివాడూ అతడొక్కడే. అందుకే కోపం వస్తుంది, వచ్చిన కోపం చేతికందిన మనిషి మీద పడుతుంది. కాస్త ఓపిక పట్టి, జీతం ఎగ్గొట్టిందెవరు, ఊరి పేరు చొక్కా మీంచి చెరిపిందెవరు అని అడిగితే ఆ కోపానికీ గౌరవం దక్కుతుంది.

ఆ అరుపు పెట్టుకోవటానికి ఊళ్ళో వేరే చోటే లేదనుకోకండి. శంషాబాదు ఉన్న రంగారెడ్డి జిల్లాలోనే, అజీజ్‌నగర్‌లో, శ్రీనిధి దక్కన్ క్లబ్బు మైదానం కట్టుకుంది. 2022-23లోనూ 2023-24లోనూ ఐ-లీగులో రెండో స్థానం తెచ్చుకుంది. ఆ సంగతి టీవీల ముందు అరిచిన మనలో ఎందరికి తెలుసు?

చివరగా అమ్మానాన్నలకు ఒక మాట. మీ ఇంట్లో బంతి వెంట పరుగెత్తే పిల్లవాడో పిల్లో ఉంటే, రేపు ఏ క్లబ్బు అయినా కాగితం తెచ్చి ముందు పెడితే, ఎన్నేళ్ళు, జీతం ఏ తారీఖున, దెబ్బ తగిలితే వైద్యం ఎవరిది అన్న మూడూ చదివాకే కలం చేతికివ్వండి. "వాళ్ళు పెద్దవాళ్ళు, అడిగితే బాగుండదు" అని మొహమాటపడకండి. ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు నల్లా నీళ్ళ సంగతి అడగమూ?