మిస్త్రీ ముచ్చట: కొత్త పట్టా కూడా ఒర్లితే

ఈసారి ముచ్చట నా తప్పుతోనే మొదలు పెడుతున్నాను.

మా గల్లీలో ఒక చెల్లె ఉంది, బీడీలు చుడుతుంది. కొడుకు అప్పు మీద పాత డీజిల్ కారు కొని టాక్సీ తోలుతున్నాడు. షోలాపూర్‌లో మన వాడకట్టులో పెండ్లికైనా, అర్ధరాత్రి దవాఖానకైనా ముందు ఆ బండినే పిలుస్తారు. నెల నెలా కిస్తీ కట్టాలి. బండి నాలుగు రోజులు ఆగిందంటే ఆ నెల కిస్తీ తప్పినట్టే.

నాలుగు నెలల కింద ఆ పిల్లగాడు పొద్దున్నే వచ్చి, "కాకా, స్టార్టు చేయంగనే కుయ్యిమని ఒర్లుతుంది. లైట్లేస్తే ఇంకింత ఎక్కువైతది" అన్నాడు. బోనెట్ ఎత్తి చూశాను. ఫ్యాన్ బెల్టు వదులైంది. (ఫ్యాన్ బెల్టు అని అలవాటుగా అంటాం గానీ, ఈ కార్లలో ఫ్యానును తిప్పేది వేరే కరెంటు మోటారు. ఈ పట్టా తిప్పేది డైనమోను, ఏసీని, నీళ్ళ పంపును.) డైనమో బోల్టు వదులు చేసి, టామీ పెట్టి, నా బలమంతా పెట్టి గుంజి బిగించేశాను. అరుపు ఆగింది. చాయ్ తాగి ఇంటికొచ్చాను.

అది మిల్లు బుద్ధి. మా నాయన మిల్లులో తోలు పట్టాలు కుట్టేవాడు, నేను ఆయన చేతికింద పని నేర్చుకున్నాను. పైన దూలాల వెంబడి ఒకే పొడుగు షాఫ్టు, దాని మీదనుంచి ఒక్కో మిషనుకు ఒక్కో పట్టా. పట్టా జారిందంటే మాకు తెలిసిన మందులు రెండే. కుట్టు విప్పి వేలెడు కోసి మళ్ళీ కుట్టడం, లేకపోతే లోపలి వైపు గుగ్గిలం పొడి రుద్దడం. ఆ షాఫ్టుకున్న బేరింగులు ఎంత గుంజినా ఓర్చుకునేవి. కారులో పంపు బేరింగు చాలా చిన్నది. పట్టాను అతిగా బిగిస్తే ఆ గుంజుడంతా రాత్రింబవళ్ళు దాని మీదనే పడుతుంది. ఇది నాకు తెలియని సంగతి కాదు. ఆ రోజు బుర్రకు తోచలేదు, అంతే.

మూడు వారాల కింద అరుపు మళ్ళీ మొదలైంది. పిల్లగాడు ఈసారి నా దగ్గరికి రాలేదు. సామాన్ల దుకాణంలో అడిగితే పట్టా అరిగిందని కొత్తది అమ్మారు, దాని మీద కొట్టడానికి ఒక స్ప్రే డబ్బా కూడా అంటగట్టారు. స్ప్రే కొట్టిన రోజు చప్పుడు లేదు. రెండో రోజు మళ్ళీ అదే పాట. వారంలో హైదరాబాద్ పెండ్లి కిరాయి ఉంది, ముసలివాళ్ళు, చంటిపిల్లతో బాలింత. అప్పుడు వచ్చాడు నా దగ్గరికి.

ఈసారి పానా ముట్టుకోలేదు, ముందు చెవులు పెట్టాను. పట్టా అరుపుల్లో తేడాలుంటాయి. కుయ్యిమని పొడుగ్గా, లైట్లో ఏసీయో వేసినప్పుడు పెరిగితే పట్టా జారుతున్నట్టు. పిచ్చుక లెక్క కిచ్‌కిచ్‌మని తెంపు తెంపుగా వచ్చి, ఇంజను వేగంతో పాటు అదీ జోరందుకుంటే ఏదో పుల్లీ వరుస తప్పినట్టు. గరగరమని పిండిగిర్నీ లెక్క వస్తే బేరింగు సంగతి. ఇది కుయ్యిమనే అరుపే, కానీ దాని అడుగున సన్నగా గరగర కూడా వినిపించింది.

తర్వాత నీళ్ళ పరీక్ష. సీసా మూతకు రంధ్రం చేసి, ఇంజను మెల్లగా తిరుగుతుండగా దూరంనుంచి పట్టా చాళ్ళున్న వైపు సన్నటి ధార కొట్టాలి. డైనమో మీద పడనీయొద్దు. నీళ్ళు పడగానే అరుపు ఆగి, కాసేపటికి మళ్ళీ వస్తే పుల్లీ వంకర. నీళ్ళు పడితే అరుపు పెరిగితే జారుడు. మాకు పెరిగింది. కొత్త పట్టా, బిగువుగానే ఉంది, అయినా జారుతోంది. ఎందుకు?

ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకొని పట్టాను వేలితో తడిమాను. జిగటగా ఉంది. కొంత ఆ స్ప్రేది. కానీ తియ్యటి వాసన కూడా వచ్చింది, అది కూలెంటు వాసన. పట్టా తీసి పక్కన పెట్టి, ఇంజను చల్లగానే ఉంది కాబట్టి అర నిమిషం నడిపించాను. చప్పుడు మొత్తం పోయింది. అంటే రోగం ఇంజను లోపల లేదు, పట్టా తిప్పే వాటిలోనే ఉంది. (పట్టా లేకుండా అంతకంటే ఎక్కువ నడపొద్దు, నీళ్ళు తిరగవు.) మళ్ళీ ఆపి ఒక్కో పుల్లీని చేత్తో తిప్పాను. డైనమో మెత్తగా తిరిగింది. ఏసీది కూడా. పంపు పుల్లీని పట్టుకుంటే ఇసుక నలిగినట్టు గరగర, పైకీ కిందికీ ఆడుతోంది. పంపు కింద ఒక చిన్న రంధ్రం ఉంటుంది, లోపలి సీలు పోతే నీళ్ళు అక్కడినుంచి బయటికి రావాలనే పెడతారు. దాని చుట్టూ పచ్చగా పొక్కు కట్టింది.

నేను గుంజి బిగించిన బరువుకు బేరింగు అరిగింది, బేరింగు ఆడేసరికి సీలు పోయింది, సీలులోంచి కారిన కూలెంటు పట్టా మీద పడింది, పట్టా జారి అరిచింది. దుకాణంవాళ్ళు అరిచేదాన్ని మార్చారు. అరిపించేది అక్కడే ఉండిపోయింది.

అలాగే హైదరాబాద్ బయలుదేరి ఉంటే, ఉమర్గా దాటినంక ఎక్కడో పంపు బిగుసుకుపోయేది. పట్టా తెగితే బ్యాటరీ దీపం వెలుగుతుంది, వేడి ముల్లు పైకెక్కుతుంది. ఇంకో పల్లె దాకా పోదామని తోలితే ఇంజను హెడ్డు వంగుతుంది, ఆ ఖర్చు ఆ ఇంటికి మోయలేని బరువు. మీకెవరికైనా దారిలో అలా జరిగితే అక్కడే ఆపేయండి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం విప్పొద్దు.

కొత్త పంపు వేశాం. కూలెంటు తాగిన పట్టా కడిగినా పనికిరాదు, వారం వాడిన పట్టా పారేసి ఇంకోటి కొనాల్సి వచ్చింది. పట్టాకు సబ్బు, మైనం, స్ప్రే ఏదీ రాయకండి. బిగువు ఎంతుండాలో బండి పుస్తకంలో రాసి ఉంటుంది, దాని ప్రకారమే బిగించాను. తనంతట తాను బిగించుకునే టెన్షనర్ ఉన్న బండ్లలో మనం గుంజే పనే లేదు, వదులైతే టెన్షనరే చూడాలి. ఇంకోటి, ఇప్పటి పట్టాల రబ్బరు పాతవాటి లెక్క పగుళ్ళు చూపించదు, టైరు లెక్క అరుగుతుంది. పైకి నున్నగా ఉంది కదా అని నమ్మొద్దు, చాళ్ళ లోతు చూడాలి. కొన్ని బండ్లలో నీళ్ళ పంపు లోపలి టైమింగ్ బెల్టు మీద తిరుగుతుంది, దానికి ఇంట్లో చెయ్యి పెట్టకండి.

ఇదంతా చదివి తిరుగుతున్న పట్టా మీద చెయ్యి పెట్టేరు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 22వ సెక్షన్ మన పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. తిరిగే మిషను దగ్గర పని చేసేది నేర్పు ఉన్న పెద్దవాడై ఉండాలి, ఒంటికి అతుక్కునే బట్టలు ఉండాలి, 15 సెంటీమీటర్ల కంటే వెడల్పు పట్టాను నడుస్తుండగా ముట్టుకోవద్దు అని అందులో ఉండేది. ధోతి కొస షాఫ్టుకు చుట్టుకున్న ముచ్చట్లు మా నాయన అన్నం తినేటప్పుడు కూడా చెప్పేవాడు. కారు పట్టా రెండు వేళ్ళ వెడల్పే, కానీ చున్నీని, రుమాలును గుంజుకోవడానికి అది చాలు.

పంపు ఖర్చులో సగం నేనిస్తానని ఆ ఇంటికి వెళ్ళాను. చెల్లె బీడీల చాట పక్కన పెట్టి, "నువ్వు బిగించినప్పుడు పైసలు తీసుకున్నవా అన్నా, ఇప్పుడు ఇయ్యనీకి?" అంది. నేను వినలేదు. చివరికి కొత్త పట్టా పైసలు మాత్రం తీసుకుంది.

పెండ్లి కిరాయి పోయి వచ్చాడు పిల్లగాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, కూలెంటు డబ్బా మీద గీత చూస్తున్నాడు. నిన్నటికి గీత దిగలేదు.