విత్తనమునకు చీటి కలదు, సాఫ్టువేరునకు లేదు

జనగామ అంగడిలో పత్తివిత్తనములు కొను రైతు ముందుగా సంచి మీది చీటిని చూచును. రకమేది, లాటు సంఖ్య యేది, మొలక శాతమెంత యను వివరములు 1966 నాటి విత్తనముల చట్టమును, దాని నియమములను అనుసరించి అందుండవలెను. మొలక రానినాడు ఆ సంఖ్యను బట్టియే తక్కిన సంచులను నిలుపగలము. చీటి యుండియు నకిలీలు వచ్చుచున్నవి, నిజమే. చీటియే లేకున్న గతి యేమి?

ఆ రైతు కరెంటు బిల్లును గట్టునదియు, అతని భూమిలెక్కను దాచు భూభారతియు సాఫ్టువేరుచేతనే నడుచుచున్నవి. అది యొక్కరు వ్రాసినది కాదు. ఎవరెవరో ఉచితముగా లోకమునకిచ్చిన తునకలను కూర్చి, గుత్తదారు తన ముద్ర వేసి అమ్మును. కూర్చుటలో దోషము లేదు. లోపలనేమున్నదో కొన్నవారికి చెప్పకుండుటయే దోషము. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జె యను తునకలో లోపము బయటపడెను. యంత్రము చేయు పనులను వ్రాసియుంచు గుమాస్తా వంటిదది. మహాసంస్థలు సైతము అది తమయొద్ద కలదో లేదో తెలియక వారములకొలది వెదకినవి. తాళము చెడినదని తెలిసెను. ఏ తలుపుదో తెలియలేదు!

ఇది మనకు దూరపుమాట కాదు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలకు విద్యుత్తును పంచు ఉత్తర పంపిణీ సంస్థ వెబ్‌సైటు, ఉభయరాష్ట్రముల తోటిసంస్థల వానితోపాటు, 2019లో ధనమడుగు వైరసు వాతబడెను. 2024 జూలైలో సాఫ్టువేరు సమకూర్చు సంస్థ యొకటి దెబ్బతినగా దేశమున సుమారు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు తాత్కాలికముగా నిలిచెను. పట్టిక యున్నచో ఇవి జరుగకుండెడివని మేమనము. కాని చేల్పూరులో 1100 మెగావాట్ల విద్యుత్కేంద్రమును గల భూపాలపల్లి, తన యంత్రములలో నేమున్నదో ఎరుగక నిద్రించుట తగదు.

కేంద్రప్రభుత్వపు సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులో ఇట్టి పట్టికకు మార్గదర్శకములను వెలువరించి, 2025 జూలైలో విస్తరించెను. తునక పేరు, కూర్పు సంఖ్య, ఇచ్చినవారెవరు, అది మరి దేనిపై ఆధారపడినది యనునవి అందుండవలెను. గుత్తదారులు వ్యాపారరహస్యమందురు. దినుసులు చెప్పినంతనే వంట చేయు విధము తెలియునా? పట్టికను గోడకంటింపుమనుట లేదు, కొన్న కార్యాలయమున దాచిన చాలును.

కావున టెండరులోనే ఈ షరతు వ్రాయవలెను. పట్టిక లేనిదే చివరి చెల్లింపు కూడదు. సాఫ్టువేరు మారినప్పుడెల్ల పట్టికయు మారవలెను. క్రొత్త లోపము ప్రకటింపబడిన దినమున దానితో సరిచూచుటకు హనుమకొండలో ఒక్క ఉద్యోగి యుండవలెను. ఇంటింటికిని మీటరు చూడ మనుష్యులను పంపు సంస్థకు ఇది భారమా?