గాజు సైజు ఎంత?

"చెప్పిన ధరలో సగమే అడుగు. ఆ పైన ఒక్క రూపాయి కూడా పెంచకు" అని ఫోన్లో మూడోసారి చెప్పింది అమ్మ. పట్నంలో మోసపోవడం తప్ప మరొకటి జరగదని ఆమె గట్టి నమ్మకం.

పలాస నుంచి ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చిన ఆ అమ్మాయికి ఆఫీసు, అమీర్‌పేట హాస్టలు తప్ప మరో దారి తెలీదు. వచ్చేనెల అక్క పెళ్ళి. ముత్యాల దండ, లక్క గాజులు నువ్వే తేవాలని ఇంటినుంచి హుకుం. రెండో జీతంలోంచి పక్కన పెట్టిన ఐదువేలు బ్యాగులో దాచుకుని, రెండో శనివారం మెట్రో ఎక్కి ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగింది.

అక్కణ్నుంచి చార్మినార్‌కి ఆటోలు బోలెడు. కానీ పాతబస్తీ బజార్లను నడిచి చూస్తేనే అందం. అఫ్జల్‌గంజ్ మీదుగా వెళ్ళి నయాపూల్ మీద మూసీ దాటితే మదీనా చౌరస్తా. అక్కణ్నుంచి చార్మినార్ వైపు సూటిగా సాగేదే పత్తర్‌గట్టి. రోడ్డుకి రెండువైపులా రాతి కమానులు, వాటి వెనక వరసగా దుకాణాలు. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. ఆ తర్వాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఈ వీధిని ఇలా రాతితో తీర్చిదిద్దింది. పేరులోని పత్తర్ అంటే రాయే.

ముత్యాల కొట్టు మెట్లెక్కగానే అమ్మాయికి మొదటి అనుమానం వచ్చింది. సముద్రం పక్క జిల్లాలో పుట్టిన తను, సముద్రమే లేని ఊరికొచ్చి ముత్యాలు కొనడమేమిటి? కొట్టు పెద్దాయన నవ్వేశాడు. నిజాముల కాలంలో ముత్యాలు గల్ఫ్ నుంచి వచ్చేవట. కొనే నవాబులు, వాటిని గుచ్చి దండలు కట్టే పనివాళ్ళు ఇక్కడ ఉండడంతో వ్యాపారం ఇక్కడే స్థిరపడింది. ఇప్పుడు వచ్చే వాటిలో చాలామటుకు చైనా మంచినీటి చెరువుల్లో పెంచినవే. "అసలుదో నకిలీదో తెలియాలంటే పంటికి మెల్లగా రుద్ది చూడమ్మా" అన్నాడాయన. అసలు ముత్యమైతే సన్నటి ఇసుక తగిలినట్టు గరగరలాడుతుంది. గాజు, ప్లాస్టిక్ పూసలైతే నున్నగా జారిపోతాయి.

బియ్యపు గింజల్లాంటి ముత్యాల దండ పద్నాలుగు వందలన్నాడు. అమ్మ చెప్పినట్టే ఏడు వందలకి అడిగింది. పెద్దాయన కోప్పడలేదు. గుండ్రటివైతే ఇంకా ఖరీదని, మెరుపునీ సైజునీ బట్టే ధర అని నాలుగు దండలు పక్కపక్కన పరిచి చూపించాడు. పదకొండు వందలకి బేరం తెగింది. తను గెలిచిందో ఓడిందో అమ్మాయికి అర్థం కాలేదు. తేడా మాత్రం కళ్ళకి తెలిసింది.

మచిలీ కమాన్ కింద నుంచి గుల్జార్ హౌజ్ చుట్టి ముందుకెళ్తే ఎదురుగా చార్మినార్. 1591 నుంచీ అక్కడే నిలబడి, ఇలాంటి కొత్త ముఖాలను ఎన్నిటినో చూసింది. దాని దగ్గర కుడివైపు తిరిగితే లాడ్ బజార్. లాడ్ అంటే లక్క. సన్నటి వీధి. రెండు పక్కలా గాజులే గాజులు. దీపాల వెలుగులో అద్దాలు, రాళ్ళు తళతళలాడుతుంటే ఏ కొట్టు ముందు ఆగాలో తోచదు. "రండమ్మా, చూసిపొండి" అంటూ పిలుపులు.

ఓ కొట్లో ఆకుపచ్చ గాజులు నచ్చాయి. మధ్యమధ్య గులాబీ రాళ్ళు. ధర అడగబోయేలోగా కొట్టతనే అడిగాడు. "సైజెంతమ్మా?"

అమ్మాయి తెల్లబోయింది. గాజుకి సైజు ఉంటుందని తెలుసు. అక్క సైజు మాత్రం తెలీదు.

టూ-ఫోర్, టూ-సిక్స్ అని కొట్లో వినిపించే లెక్క మన వీసాల లెక్కే. అంగుళాన్ని పదహారు భాగాలు చేస్తే ఒక్కో భాగం వీసం. టూ-ఫోర్ అంటే రెండంగుళాల నాలుగు వీసాలు, అంటే రెండుంపావు అంగుళాలు. టూ-ఎయిట్ అంటే రెండున్నర. ఇది గాజు లోపలి అడ్డుకొలత. చూడాల్సింది మణికట్టు లావు కాదు. బొటనవేలు లోపలికి ముడిచినప్పుడు అరచేయి ఎంత వెడల్పుంటే అంత గాజు కావాలి. ఇంట్లో సరిపోయే పాత గాజు ఒకటుంటే లోపల స్కేలు పెట్టి కొలుచుకుని రావడం అన్నిటికంటే తేలిక.

అమ్మాయిది టూ-ఫోర్. అక్కాచెల్లెళ్ళం కదా అనుకుంటూనే ఎందుకైనా మంచిదని ఫోన్ చేసింది. అక్క పాత మట్టి గాజు తీసి స్కేలు పెట్టింది. రెండున్నర అంగుళాలు. టూ-ఎయిట్!

ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. పదో తరగతి అయిపోగానే అక్క జీడిపప్పు కార్ఖానాలో చేరింది. ఏళ్ళ తరబడి పిక్కలు కొట్టి కొట్టి అరచేతులు వెడల్పయ్యాయి. జీడి నూనె మరకలు వేళ్ళను వదలవు. ఆ కూలితోనే చెల్లెలు ఇంజనీరింగ్ చదివింది. తన చేయి టూ-ఫోర్ దగ్గరే ఎందుకాగిందో ఆ కొట్టు ముందు నిలబడ్డాక గానీ ఆమెకు తట్టలేదు.

నచ్చిన రకంలో టూ-సిక్స్ దాకానే ఉన్నాయి. "గంట కూర్చోమ్మా, చేయించి ఇస్తా" అంటూ కొట్టతను వెనక సందులోకి తీసుకెళ్ళాడు. చిన్న గది. బొగ్గుల కుంపటి ముందు భార్యాభర్తలిద్దరు. కరిగించిన లక్కలో పొడి కలిపిన ముద్దను సెగ చూపిస్తూ అతను సన్నటి కడ్డీలా ఒత్తాడు. రంగు లక్క పట్టించి, కొలత ప్రకారం కోసి, కొసలు కలిపి గుండ్రంగా తిప్పాడు. లక్క వేడి చల్లారకముందే ఆమె ఒక్కో రాయీ తీసి అద్దింది. వేడి లక్కను తాకి తాకి ఆమె వేళ్ళ కొసలూ మొద్దుబారాయి. అచ్చం అక్క వేళ్ళలాగే.

హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు ఇలాంటి గదుల్లోని చేతి పనికే. అయితే బజార్లో మెరిసేవన్నీ ఇక్కడ చేసినవి కావు. బయటినుంచి తెచ్చే లోహపు గాజులూ బోలెడు. కొత్తవాళ్ళు ధరకంటే ముందు "ఇక్కడ చేసినవేనా?" అని అడగడం మంచిది. బేరం ఎక్కడ ఆడాలో, ఎక్కడ ఆపాలో ఆ జవాబుతో తేలిపోతుంది.

పిన్ని కూతుళ్ళ కోసం లోహపు గాజులు తీసుకున్నప్పుడు అమ్మాయి గట్టిగానే బేరమాడింది. అక్క గాజుల దగ్గర మాత్రం చెప్పిన ధర ఇచ్చేసింది.

రాత్రి అమ్మ ఫోను. "సగం అడిగావా?"

"ముత్యాలకి అడిగాను. మూడు వందలు తగ్గించాడు."

"మరి గాజులకి?"

"అవి అక్క చేతికి సరిపోతాయమ్మా."