ఎత్తు పెరిగితే విషం తగ్గుతుందా?

పొగగొట్టం ఎత్తు పెంచితే పొగ దూరమవుతుందే కాని తగ్గదు. ఈ చిన్న సత్యాన్ని విస్మరించిన విధానం దేశ ప్రజల ఆరోగ్యానికి క్షేమకరం కాజాలదు.

థర్మల్ విద్యుత్కేంద్రాల నుంచి వెలువడే సల్ఫర్ డయాక్సైడ్‌పై 2015 డిసెంబరులో కేంద్రం పరిమితులు విధించింది. గడువును పలుమార్లు పొడిగించిన అనంతరం, 2025 జులైలో దాదాపు 78 శాతం యూనిట్లను ఆ పరిమితుల నుంచి మినహాయించింది. పొగగొట్టం నిర్ణీత ఎత్తు ఉండాలన్నదే వాటికి షరతు. దేశ రాజధాని ప్రాంతానికి, పది లక్షలకు పైగా జనాభా గల నగరాలకు పది కిలోమీటర్ల లోపు ఉన్న కేంద్రాలు మాత్రం పరిమితులను పాటించక తప్పదు. తీవ్ర కాలుష్య ప్రాంతాలకు చేరువలోని వాటి విషయాన్ని విడివిడిగా పరిశీలిస్తారు.

దేశీయ బొగ్గులో గంధకం తక్కువని, దానిని తొలగించే యంత్రాల వ్యయం విద్యుత్ చార్జీలపై పడుతుందని ప్రభుత్వ వాదన. ఇందులో కొంత నిజం లేకపోలేదు. ఎత్తయిన గొట్టం వల్ల సమీప గ్రామాలకు ఉపశమనం లభిస్తుందన్నదీ వాస్తవమే. అయితే వెలువడే గంధకం ఒక్క కిలో అయినా తగ్గదు. అది గాలిలో సల్ఫేట్ ధూళికణాలుగా మారి, వందలాది కిలోమీటర్లు పయనించి, ఎక్కడివారి ఊపిరితిత్తుల్లోనో చేరుతుంది.

గొట్టం ఎత్తును నిర్ణయించే సూత్రం సైతం ఆలోచింపజేసేదే. దాని ప్రకారం ఉద్గారం రెట్టింపయినా ఎత్తు సుమారు 23 శాతం పెంచితే సరిపోతుంది! పైగా పాత గొట్టానికి కొత్త ఎత్తు జోడించాలంటే పునాది బలాన్ని, గాలి ఒత్తిడిని తిరిగి లెక్కగట్టాలి. అదీ ఖర్చుతో కూడినదే.

ఈ మార్గాన్ని పాశ్చాత్య దేశాలు ఏనాడో తొక్కి చూశాయి. బ్రిటన్‌లోని ఎత్తయిన గొట్టాల పొగ స్కాండినేవియా సరస్సులపై ఆమ్లవర్షమై కురిసింది. కెనడాలోని సడ్బరీలో 1972లో 381 మీటర్ల గొట్టం నిలబెట్టారు. ఊరి గాలి మెరుగుపడినా, కాలుష్యం దూరప్రాంతాలకు విస్తరించింది. చివరకు ఉద్గారాన్నే తగ్గించవలసి వచ్చింది. గొట్టం ఎత్తు చూపి ప్రమాణాలు పాటించామనే వెసులుబాటును అమెరికా 1977లోనే చట్టం ద్వారా పరిమితం చేసింది.

సరిహద్దులు దాటే వాయుకాలుష్యాన్ని అరికట్టడానికి సహకరించుకుంటామని 1998లో మాలె ప్రకటన ద్వారా దక్షిణాసియా దేశాలు అంగీకరించాయి. భారత్ వాటిలో ఒకటి. గంగా మైదానంలో గాలికి రాష్ట్రాల ఎల్లలే తెలియవు, దేశాల ఎల్లలు అసలే తెలియవు. కనుక నగరానికి పది కిలోమీటర్ల దూరమే ప్రాతిపదిక కారాదు. ఎంత గంధకం వెలువడుతున్నదన్నదే కొలబద్ద కావాలి. పెంచవలసింది గొట్టం ఎత్తును కాదు, నిబంధనల అమలులో చిత్తశుద్ధిని.