నింద మోపడానికి లెక్కించారు, వైద్యం చేయడానికి లెక్కించరా?

రేణిగుంట జంక్షన్‌లో నిలబడి ఏ దిక్కుకు చూసినా విద్యకూ వైద్యానికీ కొదవ కనిపించదు. శ్రీకాళహస్తి దారిలో ఏర్పేడు దగ్గర 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. తిరుపతి వైపు వెళితే 1954లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నాటి శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, వైద్య విశ్వవిద్యాలయమైన స్విమ్స్, రుయా ఆసుపత్రి ఉన్నాయి. అలిపిరి వద్ద దేవస్థానం స్థలంలో టాటా ట్రస్టుల చేయూతతో కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి 2022 మే 5న తలుపులు తెరిచింది. అన్నీ రేణిగుంట నుంచి గంట ప్రయాణం లోపే. దేవస్థానం అండతో నడుస్తున్న ఆసుపత్రుల్లో మన వాళ్లెందరో చికిత్స పొందారు, పొందుతున్నారు. ఆ కృతజ్ఞత మనకుంది. అయితే కృతజ్ఞత ప్రశ్నను ఆపకూడదు.

మా ప్రశ్న ఇది. మన మొహల్లాల్లో రొమ్ములో గడ్డ తగిలిన స్త్రీ ఎన్ని నెలలకు క్యాన్సర్ వైద్యుణ్ణి చేరుతున్నది? ఆ నెలలు ఎక్కడ ఖర్చయ్యాయి? ఆర్.ఎం.పి. ఇచ్చిన మాత్రల దగ్గరా, భర్త కూలి పోతుందన్న భయం దగ్గరా, మగ డాక్టరు ఉన్న గది గడప దగ్గరా, తనకు చదవరాని తెలుగు కాగితం దగ్గరా? నోట్లో మానని పుండుతో తిరుగుతున్న మెకానిక్కు, ఖైనీ మానలేని లారీ డ్రైవరు ఏ దశలో ఆసుపత్రి మెట్లెక్కుతున్నారు? దీనికి వైద్యుడి దగ్గర పూర్తి జవాబు ఉండదు. ఆయన రోగిని చూసేది ఆమె ఆసుపత్రికి వచ్చిన తరువాత. రాకముందు గడిచిన నెలలు సామాజిక శాస్త్రవేత్త పరిశీలించవలసినవి. భాష చిక్కు ఉర్దూ, తెలుగు ఆచార్యులది. దూరం, ఖర్చు అర్థశాస్త్రానివి. రికార్డులను కలిపి చదవడం గణాంకవేత్తది, కంప్యూటరు ఇంజనీరుది. వీరంతా ఒకే ప్రాంతంలో, వేర్వేరు ప్రహరీల వెనుక పనిచేస్తున్నారు. వీరిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టే చిన్న నిధిని విశ్వవిద్యాలయాలు కేటాయించాలని మేము కోరుతున్నాం.

సీడ్ గ్రాంటు అన్న మాట మన పాఠకుల్లో చాలామందికి కొత్త కావచ్చు. రైతు కుటుంబాల వారికి విడమరచి చెప్పనక్కరలేదు: అది విత్తనానికిచ్చే డబ్బు. పెద్ద పరిశోధనకు కోట్లు అడగాలంటే ముందు చిన్న ఆధారం చూపాలి. నలభై ఇళ్లు తిరగాలి, నూరు రికార్డులు చదవాలి, ప్రశ్నావళి సరిగా పనిచేస్తున్నదో లేదో తేల్చుకోవాలి. ఈ తొలి అడుగుకు బయటి సంస్థలు సాధారణంగా డబ్బివ్వవు. అందుకే విశ్వవిద్యాలయం తన సొంత నిధి నుంచి ఇస్తుంది. ఒక్కో బృందానికి అయిదు లక్షలో పది లక్షలో చాలు. అయిదు బృందాలకు ఇచ్చినా అయ్యేది ఒక కొత్త భవనంలో ఒక అంతస్తు ఖర్చు కన్నా తక్కువే. 2023లో పార్లమెంటు చట్టం చేసిన అనుసంధాన్ జాతీయ పరిశోధనా సంస్థకు అయిదేళ్లకు 50,000 కోట్ల రూపాయలు అంచనా వేశారు. అందులో అధిక భాగం ప్రైవేటు రంగం నుంచి రావాలట, అది వేరే కథ. ఆ తలుపు తట్టడానికైనా తొలి ఆధారం చేతిలో ఉండాలి.

ఈ అవసరం ఎంతటిదో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనాలు చూస్తే తెలుస్తుంది. 2022లో భారతదేశంలో కొత్తగా క్యాన్సర్ బారిన పడినవారు సుమారు 14 లక్షలు, మరణించినవారు సుమారు 9 లక్షలు. రొమ్ము క్యాన్సర్ ఒక్కటే 1.9 లక్షల మంది స్త్రీలకు వచ్చింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా లేరు. రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఒక్కరు కూడా లేరు. ఇంత అరుదైన పరీక్ష అందరికీ సమానంగా అందుతున్నదని నమ్మమంటే ఎలా నమ్మాలి? ప్రభుత్వ ఆరోగ్య పథకం శస్త్రచికిత్సకూ, కీమోకూ, రేడియేషన్‌కూ డబ్బు కడుతుంది. ఆసుపత్రికి చేరడానికి పట్టిన ఆ నెలలను తిరిగి ఇవ్వదు.

ఈ మాట ఎత్తగానే వినవచ్చే జవాబు మనకు కంఠతా వచ్చు: క్యాన్సర్‌కు మతం లేదు, రోగులను మతాల వారీగా చూడకూడదు. గడ్డకు మతం లేదన్నది నిజమే. కాని గడ్డ తగిలిన రోజుకూ వైద్యం మొదలైన రోజుకూ మధ్య పేదరికం ఉంది, భాష ఉంది, స్త్రీ కావడం ఉంది, డ్రైనేజీ లేని బస్తీ ఉంది. అవి అందరికీ ఒకేలా పంచబడలేదని 2006లో పార్లమెంటు ముందుకు వచ్చిన సచార్ కమిటీ నివేదిక చెప్పింది. పైగా ముంబయిలో 1963లో మొదలైన క్యాన్సర్ రిజిస్ట్రీ, డాక్టర్ జస్సావాలా నాయకత్వంలో దశాబ్దాల క్రితమే మత సమూహాల వారీగా క్యాన్సర్ తీరును ప్రచురించింది. పార్సీ స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ ఎక్కువని తేలింది. పార్సీలు దాన్ని అవమానంగా తీసుకోలేదు, దేశం బీటలు వారలేదు. ముస్లిం స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తక్కువని కూడా పలు అధ్యయనాల్లో కనిపించింది, పురుషుల సున్తీ అందుకొక కారణమని వైద్యులు భావిస్తారు. మనలో కొందరు దాన్నే పట్టుకుని ‘ఆ జబ్బు మన వాళ్లకు రాదు’ అని ఆడవాళ్లను పరీక్షకు పంపరు. తక్కువ అంటే అసలు రాదని కాదు. ఇలాంటి తప్పుడు ధీమాను తొలగించడానికైనా లెక్కలు కావాలి.

మరో జవాబు ఇంకా తేలికగా వస్తుంది: ‘మీ ఆడవాళ్లు పర్దా వల్ల రారు.’ ఆసుపత్రి బల్లల దగ్గర ఈ మాట విన్నవారు మనలో చాలామంది ఉన్నారు. దాన్ని ఎవరు కొలిచారు? ఆలస్యంలో పర్దా పాలెంత, స్త్రీ వైద్యురాలు లేకపోవడం పాలెంత, రెండు బస్సులు మారడం పాలెంత? కొలవనంత కాలం నింద రోగి మీదే ఉంటుంది. పర్దాయే అడ్డంకి అని నిజాయితీగల అధ్యయనం తేలిస్తే దాన్నీ ఒప్పుకుని, ఉలమాతో కూర్చుని మాట్లాడే ధైర్యం మన సమాజానికి ఉండాలి. విని వదిలేసిన అభిప్రాయాన్ని మాత్రం పరిశోధనగా అంగీకరించలేం.

లెక్కలంటే మన ఇళ్లలో ఉన్న భయం మాకు తెలుసు. ఆ భయం ఊరకే పుట్టలేదు. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో కరోనా రోగుల సంఖ్యను తబ్లీగీ జమాఅత్ పేరుతో విడదీసి రోజూ ప్రకటించారు. పండ్ల బండి వాడి పేరు అడిగి వెళ్లగొట్టిన దృశ్యాలు దేశమంతా చూసింది. ఆ ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ జమాఅత్ సభ్యులపై కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని వ్యాఖ్యానించే వరకూ ఆ ప్రచారం నడిచింది. అంటే నింద మోపవలసి వచ్చినప్పుడు ప్రభుత్వాలకు మతం వారీ లెక్క ఒక్క రోజులో సిద్ధమైంది. వైద్యం అందించవలసి వచ్చినప్పుడు మాత్రం ‘మేము మతం చూడం’ అంటారు. ఈ రెండు నాల్కల ధోరణినే మేము నిలదీస్తున్నాం.

లెక్క లేకపోతే హక్కు ఎలా జారిపోతుందో తెలుగు ముస్లింల కన్నా బాగా ఎవరికి తెలుసు? 2004లో 5 శాతం రిజర్వేషన్ ఉత్తర్వు హైకోర్టులో నిలవలేదు. 2005లో తెచ్చిన చట్టమూ నిలవలేదు. వెనుకబడిన వర్గాలను గుర్తించి 4 శాతంగా 2007లో చేసిన చట్టాన్ని 2010 ఫిబ్రవరిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పుతో కొట్టివేసింది. వెనుకబాటును తేల్చిన సర్వే పద్ధతినే తప్పుపట్టింది. ఆ ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్లనే మన పిల్లలు సీట్లు పొందగలిగారు. కోర్టు గదిలో కన్నీళ్లు సాక్ష్యం కావు. ఆసుపత్రి బడ్జెట్ల గదిలోనూ కావు.

ఇతర దేశాల అనుభవమూ ఇదే. వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయం ప్రధానంగా నల్లజాతి వారి ఉన్నత విద్య కోసం నెలకొన్నది. నల్లజాతివారిలో క్యాన్సర్ మరణాలు ఆందోళనకరంగా పెరుగుతున్నాయని 1973లో ఒక అధ్యయనం ప్రచురించింది అక్కడి వైద్యులే. 1985లో అమెరికా ఆరోగ్య శాఖ నివేదిక, ఏటా సుమారు 60,000 మంది మైనారిటీలు తెల్లవారితో సమాన స్థితి ఉంటే బతికేవారని ఒప్పుకుంది. 2000లో మైనారిటీల ఆరోగ్య అసమానతల మీద ప్రత్యేక చట్టమే వచ్చింది. ఇప్పుడు అక్కడి విశ్వవిద్యాలయాలు క్యాన్సర్ అసమానతల పరిశోధనకు చిన్న నిధులు ఇస్తూ, ఒకే శాఖ నుంచి దరఖాస్తు చేస్తే సరిపోదు, వేర్వేరు విభాగాలవారు కలిసి రావాలని షరతు పెడుతున్నాయి. అక్కడ వివక్ష అంతరించిందని కాదు. దాన్ని కొలిచే అలవాటు మొదలైందంతే. మనకు కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది, హైదరాబాదులో 1998 నుంచి మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. ఉర్దూ అంటే కవిత్వమూ టీచర్ ట్రైనింగూ మాత్రమేనా? దక్కనీ మాట్లాడే తల్లికి ఆమె మాటల్లో క్యాన్సర్ గురించి ఎలా చెప్పాలన్నది కూడా ఉర్దూ విశ్వవిద్యాలయం పనే.

పరిశోధన పేరిట పేదల మీద జరిగిన అన్యాయాన్ని మరచిపోయి మేము ఈ మాట చెప్పడం లేదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం ప్రాంతంతో సహా, వేలాది బాలికలకు హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు కింద ఇంజెక్షన్లిచ్చారు. వారిలో గిరిజన బాలికలు ఎందరో. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసిన సంగతి బయటపడింది. 2010లో ప్రాజెక్టు ఆగింది, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా చెడ్డదని కాదు, ఆ క్యాన్సర్‌ను నివారించగల టీకా అది. అనుమతి తీసుకున్న తీరు చెడ్డది. కాబట్టి నిధి అడుగుతూనే షరతులూ పెడుతున్నాం. స్త్రీ అనుమతి ఆమెకు అర్థమయ్యే భాషలో, ఆమె నోటితోనే తీసుకోవాలి. పేర్లూ చిరునామాలూ ఆసుపత్రి దాటి ఏ శాఖకూ వెళ్లకూడదు. ప్రతి ఎథిక్స్ కమిటీలో సామాన్య పౌరుడొకరు ఉండాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ కుర్చీలో బస్తీ స్త్రీని ఎందుకు కూర్చోబెట్టరాదు? తేలిన ఫలితాలు ఇంగ్లీషు జర్నల్లో రావడానికి ముందే తెలుగులో, ఉర్దూలో మన ముందుకు రావాలి.

ఈ నిధి ముస్లింలకు మాత్రమే కావాలని మేము అనడం లేదు. శ్రీకాళహస్తి చుట్టుపక్కల యానాదుల గుడిసెల్లో, దళితవాడల్లో ఆలస్యానికి కారణాలు వేరే ఉండవచ్చు, మనతో కలిసేవీ ఉండవచ్చు. పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఏది మతం వల్ల, ఏది పేదరికం వల్ల అన్నది తేటపడుతుంది.

ఇక మన వైపు పని. 2024 చివర రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటికీ క్యాన్సర్ స్క్రీనింగ్ మొదలుపెట్టింది. ఆ నర్సు వచ్చినప్పుడు పౌరసత్వ సర్వే అనుకుని తలుపు మూసుకోకుండా చూడడం మస్జిద్ కమిటీల బాధ్యత. జుమా ప్రసంగంలో రెండు నిమిషాలు చాలు. చదువుకున్న మన అమ్మాయిలు పరిశోధక బృందాల్లో ఇంటింటి సర్వేకు ముందుకు రావాలి. మన తల్లులు తలుపు తీసేది వారికే.

రేణిగుంట, తిరుపతి, శ్రీకాళహస్తి జమాఅత్ పెద్దలూ మహిళా సంఘాలూ కలిసి పైన చెప్పిన విశ్వవిద్యాలయాల ఉపకులపతులకూ, ఐఐటీ, ఐసర్ డైరెక్టర్లకూ ఒకే వినతిపత్రం పంపాలి. అందులో మూడే వాక్యాలు చాలు: క్యాన్సర్ అసమానతల మీద ఉమ్మడి సీడ్ నిధిని వచ్చే విద్యా సంవత్సరంలోగా ప్రకటించండి. బృందంలో కనీసం రెండు సంస్థలు, మూడు విభాగాలు ఉండాలన్న షరతు పెట్టండి. ఎంపిక సంఘంలో ముస్లిం, దళిత, గిరిజన స్త్రీలకు స్థానమివ్వండి. అందినట్లు రసీదు తీసుకోండి. రెండు నెలల్లో జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అదే ప్రశ్న మళ్లీ వేయండి.