పద్దు ఎవరిది?

జీతం చాలదంటే పద్దు రాయడం రాదంటున్నారు పొదుపు పండితులు. నూటికి 50 అవసరాలకు, 30 కోరికలకు, 20 పొదుపుకు: ఇదీ వారి సూత్రం. చిప్పగిరి నుంచి బెంగుళూరు చేరిన నా తొలి జీతం 18,000 రూపాయలు. తిండితో కలిపి హాస్టలుకు 9,000, బస్సుకు 1,500. సగం అక్కడే దాటింది. ఊళ్ళో ఎండిన బోరు తాలూకు అప్పుకు నేను పంపే 5,000 అవసరమా, కోరికా, పొదుపా? వారి లెక్కలో మనిషికి అమ్మానాన్నలు లేరు.

1957లో 15వ భారత కార్మిక మహాసభ వేరే లెక్క వేసింది. ముగ్గురు పెద్దవాళ్ళకు సరిపడే తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల గుడ్డ, ఇంటద్దె, వంటచెరకు, దీపం: వీటన్నిటికీ ఒక్కరి సంపాదన చాలాలన్నది. పిల్లల చదువు, వైద్యం, వినోదం, వృద్ధాప్యం వగైరాలకు మరో 25 శాతం ఉండాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే అవసరాన్ని బట్టి వేతనం. ఇప్పుడేమో వేతనాన్ని బట్టి అవసరాన్ని కోసుకోమంటున్నారు!

మిత్రులారా, పద్దు రాద్దాం. రాసి పెట్టెలో దాచవద్దు. పదిమంది పద్దులూ కలిపి యజమాని ముందు పెడదాం. మన కోర్కెల పత్రం అదే.